మామిడి మొక్కలకు మిలిటరీ బండి

హైదరాబాదులో జీతం బాగా వచ్చే మనిషికి నలభై దాటగానే మట్టి గుర్తుకొస్తుంది. మొయినాబాదో, శంకర్‌పల్లో, చేవెళ్ళో, షాద్‌నగరో, ఏదో ఒక దిక్కున ఎకరమో అరెకరమో కొంటాడు. చుట్టూ కంచె, ఒక బోరు, తాడు పట్టి వరసగా నాటిన మామిడి అంట్లు, ఓ మూల రేకుల షెడ్డు. ఇంతవరకూ ఎవరికీ అభ్యంతరం లేదు. భూమి అతనిది, బోరు అతనిది, బోరులో నీళ్ళు పడకపోతే ఆ ఏడుపూ అతనిదే. అసలు కథ ఆ తరవాత మొదలవుతుంది. "పొలం అన్నాక ఫోర్ బై ఫోర్ లేకపోతే ఎలాగండీ? కొత్తదంటే దండగ. పాతదే, చిన్నది, గట్టిది ఒకటి చూడాలి" అంటాడు. ఆ మాట అన్న రోజు నుంచీ మామిడి మొక్కలకు నీళ్ళు పెట్టే బాధ్యత వాచ్‌మన్‌ది. యజమాని బండి వెతుకులాటలో ఉంటాడు.

సరే, ఆ పొలానికి దారి చూద్దాం. ఇంటి నుంచి ఔటర్ రింగ్ రోడ్డు దాకా తారు. ఔటర్ మీద ఎనిమిది వరసలు. దిగాక బీజాపూర్ రోడ్డు, రెండు పక్కలా పాత మర్రిచెట్లు. ఊళ్ళో సీసీ రోడ్డు. ఊరు దాటాక కొంచెం కంకర. ఆ కంకర మీద రోజూ పొద్దున్నే పిల్లల్ని కుక్కుకుని స్కూలు ఆటో పోతుంది, దాని వెనకాలే పాల ఆటో పోతుంది. ఆటోకు ఉన్నవే మూడు చక్రాలు, అందులో ఇంజన్ తిప్పేవి రెండు. అయినా పిల్లలు బడికి చేరుతున్నారు, పాలు డెయిరీకి చేరుతున్నాయి. ఇక మిగిలింది గేటు నుంచి షెడ్డు దాకా ఉన్న మట్టి. ఆ నాలుగంగల మట్టి దాటడానికి మన కొత్త రైతుకు ట్రాన్స్‌ఫర్ కేసు కావాలి, లో రేంజ్ గేరు కావాలి, ముందు ఇరుసుకు కూడా శక్తి అందాలి. రెండు ట్రాక్టర్ల మొరం పోయిస్తే తీరిపోయే సమస్య ఇది. కానీ మొరం కుప్ప పక్కన నిలబడి ఫొటో దిగితే ఎవరు చూస్తారు?

ఈ భ్రమను మన సాఫ్ట్‌వేర్ రైతు కనిపెట్టాడనుకుంటే అతనికి లేని గొప్ప కట్టబెట్టినట్టే. దీన్ని అమెరికాలో ఎప్పుడో అమ్మకానికి పెట్టారు. రెండో ప్రపంచయుద్ధం ముగుస్తుండగానే 1945లో విల్లీస్ కంపెనీ సైన్యం జీపును కాస్త సాధువుగా మార్చి, సీజే-2ఏ అని పేరు పెట్టి రైతుల ముందుకు తెచ్చింది. నాగలి కట్టుకోవచ్చంది, వెనక షాఫ్టుతో యంత్రాలు తిప్పుకోవచ్చంది, సరుకు మొయ్యొచ్చంది, పనయ్యాక దాంట్లోనే పట్నం వెళ్ళొచ్చంది. జీపు బాగానే పేరు తెచ్చుకుంది కానీ పొలంలో ట్రాక్టరును మాత్రం కదిలించలేకపోయింది. ఆ విల్లీస్ జీపుల్నే మన దేశంలో 1947లో బిగించడం మొదలుపెట్టిన మహీంద్రా వాళ్ళు 1963లో ఇంటర్నేషనల్ హార్వెస్టర్‌తో చేతులు కలిపి ట్రాక్టర్లకు వేరే కంపెనీయే పెట్టుకున్నారు. ఇవాళ సంఖ్య లెక్కన ప్రపంచంలో అందరికంటే ఎక్కువ ట్రాక్టర్లు అమ్మేది వాళ్ళే. అంటే చేనుకు ఏది, రోడ్డుకు ఏది అన్న పంచాయితీ జీపు తయారుచేసేవాడి ఇంట్లో అరవయ్యేళ్ళ కిందటే తెగిపోయింది. కొనేవాడికి ఆ కబురు ఇంకా అందలేదు.

"మరి వానొస్తే?" అంటారు. వాదన మొత్తానికి ఇదే ప్రాణం కాబట్టి దీని దగ్గర కాస్త కూర్చుందాం. వాన పడుతుంటే చేలోకి బండి ఎందుకు వెళ్ళాలి? తాండూరు వైపు నల్లరేగడిలో కంది వేసే రైతును అడగండి. గట్టి వాన పడ్డాక కొన్నాళ్ళు అతను చేలో ట్రాక్టరు కాదు గదా, ఎద్దుల్ని కూడా దింపడు. పదును కోసం చూస్తాడు. ఎందుకంటే రేగడి తడిస్తే ఉబ్బుతుంది, జిగురుగా మారి అంటుకుంటుంది. టైరు గాళ్ళన్నీ రెండు చుట్లలో పూడుకుపోయి, ఎంత ఖరీదైన మడ్ టైరైనా బోడి టైరైపోతుంది. అప్పుడు శక్తి రెండు చక్రాలకు వెళ్ళినా నాలుగింటికి వెళ్ళినా తేడా ఒక్కటే: రెండయితే రెండు గుంతలు, నాలుగయితే నాలుగు. ఒకవేళ బండి నిజంగా వెళ్ళగలిగిందే అనుకోండి, అది ఇంకా ప్రమాదం. తడి నేల మీద టన్ను బరువు తిరిగితే అడుగున మట్టి అదుముకుపోయి గట్టి పొర కడుతుంది. వేరు దిగదు, నీరు ఇంకదు. వానలో చేలోకి దూసుకెళ్ళడమే ఆ బండి గొప్పతనమైతే, ఆ గొప్పతనం ఖర్చు భరించేది చేను.

చల్కా నేలల్లో ఆ బాధా లేదు. పొద్దున పడ్డ వానను సాయంత్రానికి తాగేస్తాయి. అక్కడ ఎక్సెల్ మోపెడ్ చాలు.

పోనీ ఎక్కడో ఒక బురదగుంత ఉంది, అందులోంచి బయటపడటానికి కావాలంటారా? అక్కడ ఫోర్ బై ఫోర్ పనికొస్తుంది, ఒప్పుకుంటాను. కానీ "నాలుగు చక్రాలకూ శక్తి" అన్న మాటను మనవాళ్ళు దైవవాక్కుగా తీసుకున్నారు. మామూలు డిఫరెన్షియల్ గుణమేమిటంటే, ఒకే ఇరుసు మీద ఒక చక్రం పట్టు లేక జారుతుంటే ఉన్న తిప్పుడంతా దానికే ధారపోస్తుంది. ముందు ఒకటి, వెనక ఒకటి గాల్లో లేచాయా, నాలుగు చక్రాల వీరుడు రెండు చక్రాలు గిరగిరా తిప్పుకుంటూ ఉన్నచోటే ఉంటాడు. దానికి విరుగుడు లాకింగ్ డిఫరెన్షియల్. లేదా ఏ చక్రం జారుతుందో కనిపెట్టి దానికి బ్రేకు వేసే ఎలక్ట్రానిక్ ఏర్పాటు. కొనబోయే పాత బండిలో ఇవి ఉన్నాయా అని అడిగేవాళ్ళు తక్కువ. స్పీకర్లు ఏ కంపెనీవో అడిగేవాళ్ళు ఎక్కువ.

దీనికి సరిగ్గా తలకిందులుగా ఇంకో రకం భక్తులున్నారు. పొడి తారు మీద కూడా "గ్రిప్పు కోసం" ఫోర్ హై వేసుకుని తిరిగేవాళ్ళు. ఈ చిన్న బళ్ళలో చాలావాటికి ముందు ఇరుసునూ వెనక ఇరుసునూ కలిపేస్తే మధ్యలో సర్దుబాటు ఉండదు. మలుపులో ముందు చక్రాలు ఎక్కువ దూరం తిరగాలి, వెనకవి తక్కువ. మట్టిలో అయితే టైరు కాస్త జారి లెక్క సరిచేసుకుంటుంది. తారు మీద జారదు గనక ఆ పంతం గేర్ల మీద, షాఫ్టుల మీద, టైర్ల మీద పడుతుంది. ఔటర్ మీద ఆ లివరు వేసుకుని వెళ్ళే పెద్దమనిషికి గ్రిప్పు దొరుకుతుందో లేదో గానీ మెకానిక్కుకు మాత్రం గిరాకీ దొరుకుతుంది.

ఇక సంత. పాత ఫోర్ బై ఫోర్ బళ్ళ బేరంలో ఉన్నంత సాహిత్యం మన కథల్లో కూడా లేదు. "సింగిల్ ఓనర్ అన్నా. డాక్టర్ సాబ్ బండి. మక్ఖన్ లెక్క ఉన్నది." రాష్ట్రంలో ఉన్న డాక్టర్లందరూ రెండేసి కార్లు అమ్మినా ఇన్ని డాక్టరుగారి బళ్ళు మార్కెట్లోకి రావు. ఇంజన్ సీలు విప్పలేదంటారు, టైర్లు ఎనభై పర్సెంటంటారు, కాగితాలు క్లియరంటారు. వీటన్నిటినీ మించిన మాట ఒకటుంది, దాన్ని గొంతు తగ్గించి రహస్యంలా చెబుతారు: "ఫోర్ బై ఫోర్ ఒక్కసారి కూడా వెయ్యలే అన్నా!"

కొనేవాడి ముఖం వెలిగిపోతుంది. జన్మలో నీళ్ళలో దిగలేదన్న ఒక్క అర్హత మీద గజ ఈతగాణ్ణి పనిలో పెట్టుకున్నట్టుంది ఈ వ్యవహారం. ఏళ్ళ తరబడి కదపని ట్రాన్స్‌ఫర్ కేసు లివరు బిగుసుకుపోతుంది. ముందు చక్రాల హబ్బులు తుప్పుపట్టి లాక్ కావు. వాక్యూమ్‌తో పనిచేసే రకమైతే గొట్టాలు చిట్లి, డ్యాష్‌బోర్డు మీద దీపం వెలుగుతుంది గానీ ముందు చక్రం తిరగదు. వాడలేదు గదా అని ఏళ్ళ తరబడి మార్చని నూనె పాడయి ఉంటుంది. బాగా వాడి, ప్రతిసారీ శుభ్రం చేసి, నూనెలు మార్చిన బండి నిజానికి మంచి బండి. కానీ "పొలానికి వాడాం" అని నిజం చెప్పినవాడికి యాభై వేలు తక్కువ చెబుతారు. పొలానికి బండి కావాలని వచ్చినవాడే, పొలంలో తిరిగిందని తెలియగానే వెనక్కి తగ్గుతాడు.

మిలిటరీ జిప్సీ భక్తి గురించి చెప్పకపోతే పాపం. మారుతి జిప్సీ 1985లో వచ్చింది. లీటరుకు కాస్త తక్కువ ఇంజన్‌తో మొదలై తరవాత 1.3 లీటర్లకు ఎదిగింది. తేలికైన బండి, సన్నని బండి, కొండల్లో నిజంగా మేక. ఇందులో ఎవరికీ పేచీ లేదు. సైన్యం దాన్ని దశాబ్దాలు వాడింది, 2017లో దాని స్థానంలోకి 3,192 సఫారీ స్టార్మ్‌లకు ఆర్డరిచ్చింది. సైన్యం తన ఆయుష్షంతా పిండుకుని వేలం వేసిన బండిని మనవాడు "ఆర్మీ మెయింటెనెన్స్ సార్" అని ముద్దుపెట్టుకుంటాడు. అది లద్దాఖ్ చూసిందో రాజస్థాన్ ఇసుక మింగిందో అతనికి తెలియదు, అడగడు కూడా. తెచ్చాక తెలుస్తుంది: పవర్ స్టీరింగ్ లేదు, ఏసీ లేదు, నాలుగు మూలలా పట్టీల స్ప్రింగులు, పెట్రోలు దాహం. మే నెలలో శంకర్‌పల్లి వెళ్ళి వచ్చేసరికి భార్య "మీ పొలానికి మీరే వెళ్ళండి" అంటుంది. అప్పుడు ఏసీ పెట్టించడానికి మళ్ళీ షెడ్డు.

ఇంకో ప్రవాహం ఢిల్లీ నుంచి వస్తుంది. అక్కడ పదేళ్ళు దాటిన డీజిల్ బళ్ళను తిరగనివ్వొద్దని 2015లో హరిత ట్రిబ్యునల్ అంటే, 2018లో సుప్రీంకోర్టు అవుననింది. దాంతో అక్కడ బరువైపోయిన బళ్ళు ఎన్‌ఓసీ పట్టుకుని దక్షిణానికి బయలుదేరాయి. ధర చూస్తే కళ్ళు తిరుగుతాయి. ఇక్కడికొచ్చాక కట్టాల్సిన లైఫ్ ట్యాక్సు చూస్తే మళ్ళీ తిరుగుతాయి. పదిహేనేళ్ళు దగ్గరపడితే ఫిట్‌నెస్ పరీక్ష, రిజిస్ట్రేషన్ పొడిగింపు, ఆ తరవాత అయిదేళ్ళకోసారి అదే తంతు. ఢిల్లీ పొగ నుంచి ఢిల్లీ తప్పించుకుంది. చేవెళ్ళ గాలి బాగుంటుందని అక్కడ అరెకరం కొన్న మనిషే ఆ పొగను స్వయంగా తోలుకొచ్చుకుంటాడు.

బండి వచ్చాక అలంకరణ. ముందు ఇనుప గార్డు, పైన లైట్ల బద్ద, పక్కన ఏనుగు తొండంలా స్నోర్కెల్, బంపర్లో వించి. 2017 చివర్లో కేంద్ర రవాణా శాఖ ఆ ఇనుప గార్డులు వద్దంది. కంపెనీ ఇచ్చిన రూపాన్ని ఇష్టమొచ్చినట్టు మార్చడం కుదరదని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా మన రైతు ఎవరి మాటా వినడు. అది ఒక్కటే అతనిలో నిజమైన రైతు లక్షణం. స్నోర్కెల్ ఎందుకంటే నీళ్ళలో ఇంజన్ గాలి పీల్చడానికి. పొలంలో నీళ్ళు లేకనే కదా మూడో బోరు వేయించాడు! దానితో పని పడేది అతని పొలంలో కాదు, నగరంలో. 2020 అక్టోబరులో టోలీచౌకి మునిగిన రోజున ఆ తొండానికి ఒక అర్థం ఉండేది. వించికి కట్టుకోవడానికి చెట్టు కావాలి, మామిడి మొక్కలేమో ఇంకా మోకాలెత్తు దాటలేదు.

వీళ్ళందరిలో నాకు అత్యంత ప్రీతిపాత్రుడు రెండు చక్రాల థార్ కొన్నవాడు. 2023 జనవరిలో మహీంద్రా వాళ్ళు శక్తి వెనక చక్రాలకే వెళ్ళే థార్‌ను 9.99 లక్షల నుంచి మొదలుపెట్టారు. కంపెనీని తప్పుబట్టడానికి లేదు, ఉన్న విషయం ఉన్నట్టు చెప్పే అమ్మింది. జనానికి కావలసింది ఆకారమే, ముందు ఇరుసు కాదని వాళ్ళకు అర్థమైంది. ఇప్పుడవి సెకండ్ హ్యాండ్‌లోకి వస్తున్నాయి, కొన్నిటి వెనక "4×4" అన్న స్టిక్కరుతో సహా. పాతబండి కొనేటప్పుడు మొదట గేరు రాడ్డు పక్కన రెండో లివరు ఉందా లేదా చూడండి అని సలహా ఇస్తే, "స్టిక్కరుందిగా సార్" అన్నవాళ్ళున్నారు.

అసలు పొలం ఏం మోస్తుందో చూడండి. యూరియా బస్తా 45 కిలోలు, డీఏపీ 50. పాల క్యాను 40 లీటర్లది. డ్రిప్పు పైపు చుట్టలు. ఇరవై అడుగుల పీవీసీ పైపులు. కాలిపోయిన మోటారు, దాన్ని చుట్టించుకుని మళ్ళీ తేవడం. కాపుకొస్తే మామిడి క్రేట్లు. మారుతి జిమ్నీలో వెనక సీటు ఎత్తి ఉంచితే సామాను చోటు 208 లీటర్లు. బండి మొత్తం పొడవు నాలుగు మీటర్లకు లోపే, పైపు ఆరు మీటర్లు. జిమ్నీ మంచి బండే. 2023లో వచ్చిన ఈ బండిలో ఫోర్ బై ఫోర్ అన్ని రకాల్లోనూ ఉంది, అది మెచ్చుకోవాలి. కానీ అందులో యూరియా బస్తా వేసిన మహానుభావుణ్ణి చూపించండి, పాదాభివందనం చేస్తాను. బస్తాలు ఎక్సెల్ మీదే వస్తాయి. కాళ్ళ దగ్గర ఒకటి, వెనక రెండు. దాన్ని నడిపేది వాచ్‌మన్.

నిజంగా పొలానికి చిన్న ఫోర్ బై ఫోర్ అంటే ఎలా ఉంటుందో జపాన్ వాళ్ళకు తెలుసు. అక్కడ కేయి ట్రక్కు అని ఒకటుంది: 660 సీసీ ఇంజన్, 3.4 మీటర్ల పొడవు, మీటరున్నర లోపు వెడల్పు, 350 కిలోల బరువుకు వెనక తొట్టి, అందులో ఫోర్ బై ఫోర్ రకాలు. వరిమళ్ళ మధ్య సన్నదారుల్లో ముసలి రైతులు దాన్నే తిప్పుతారు. అమెరికాలో పాతికేళ్ళు దాటిన బండిని దిగుమతి చేసుకోవడం సులువు గనక అక్కడి రైతులు కొందరు వాటిని ఏరికోరి తెప్పించుకుంటున్నారు. జపాన్‌లో ఈ ట్రక్కులు అమ్మే సుజుకీయే మన దగ్గర సూపర్ క్యారీ అమ్ముతుంది, వెనక చక్రాల శక్తితో మాత్రమే. బస్తాలు మోసేదానికి ముందు ఇరుసు లేదు, ముందు ఇరుసున్నదానికి బస్తాల చోటు లేదు. దీన్ని గురించి ఒక్క కొత్త రైతూ కంపెనీకి ఉత్తరం రాయలేదు, ఎందుకంటే సూపర్ క్యారీలో జూబ్లీహిల్స్ వెళ్ళలేం.

తోటలో పనిచేసే చిన్న ఫోర్ బై ఫోర్ మన దగ్గరా లేకపోలేదు. దాని పేరు మినీ ట్రాక్టరు. మహీంద్రా జీవో, కుబోటా నియోస్టార్ లాంటివి 24 హార్స్ పవర్‌లో, నాలుగు చక్రాల శక్తితో, మామిడి వరసల మధ్య దూరేంత సన్నగా వస్తాయి. మందు కొడతాయి, రోటవేటర్ తిప్పుతాయి, ట్రాలీ లాగుతాయి. పాతవి కూడా దొరుకుతాయి. లేదు, మనుషులూ సరుకూ కలిసి పోవాలంటే పాత బొలెరో క్యాంపర్ ఫోర్ వీల్ డ్రైవ్ వెతుక్కోవచ్చు, మండల కేంద్రంలో ఏ మెకానిక్కైనా విప్పి బిగిస్తాడు. ఈ రెండు సలహాలూ నేను చాలామందికి ఇచ్చాను. విన్నవాళ్ళు నన్ను జాలిగా చూశారు.

వెడల్పు సంగతి కూడా చెప్పేస్తాను, ఇది ఏ షోరూంలోనూ చెప్పరు. గోదావరి జిల్లాల్లో పుంత రోడ్డు మీదో, కృష్ణా డెల్టాలో డొంకలోనో వెళ్ళేవాడికి నాలుగు చక్రాల శక్తి కంటే బండి వెడల్పు ముఖ్యం. జిప్సీ 1540 మిల్లీమీటర్లు, జిమ్నీ 1645, కొత్త థార్ 1820. ఒక పక్క కాలువ, ఇంకో పక్క ఊడ్చిన చేను, ఎదురుగా గడ్డి ట్రాక్టరు. ట్రాక్టరువాడు వెనక్కి వెళ్ళడు, వెళ్ళాల్సింది మీరే. అప్పుడు ఆ అదనపు జానెడు ఎక్కడ పెట్టుకుంటారో బండి కొనేముందు ఆలోచించుకోవాలి. పాడేరు ఘాట్లలో సందు లేకుండా జనాన్ని నింపుకుని తిరిగిన కమాండర్ జీపులు ఫోర్ బై ఫోర్ అని ఎవరూ అనుకోలేదు, డ్రైవరుకు దారి తెలుసనే ఎక్కారు.

ఫోర్ బై ఫోర్ నిజంగా అవసరమైనవాళ్ళు లేరని నేననను. కైకలూరు వైపు రొయ్యల చెరువులు చేసే రైతున్నాడు. వానాకాలంలో బంకమట్టి గట్టు మీద నడిచే మనిషే జారతాడు, కానీ మేత ఆపడానికి లేదు. అర్ధరాత్రి ఏరియేటర్ ఆగిపోతే తెల్లారేదాకా ఆగితే రొయ్య మిగలదు. అతనికి బండి అద్దంలో కనబడే అందంతో పనిలేదు. అతను గనక పొరపాటున హైదరాబాదు వచ్చి, వరసగా మెరుస్తూ నిలబెట్టిన పాత బళ్ళ ముందు ఆగి, గార్డునూ తొండాన్నీ దాటుకుని వెనక తలుపు తీసి, "ఏవండీ, ఇందులో మేత బస్తాలు ఎన్ని పడతాయండీ?" అని అడిగాడే అనుకోండి. అమ్మేవాడు ఉలిక్కిపడి తలుపు మూసేస్తాడు.

"బస్తాలా? సీట్లు ఖరాబైతయ్ గదన్నా!"